ట్రక్యులెంట్ అన్నారు నన్ను

నిన్న సాయంత్రం ఆఫీసులో నాకిచ్చిన సంజాయిషీ మెమో ఫైలు మూసేశారు. హెచ్చరికతో సరిపెట్టారు. ప్రభుత్వోద్యోగుల క్రమశిక్షణ చర్యలకు సంబంధించిన 1991 నాటి సి.సి.ఎ. నిబంధనల్లో హెచ్చరిక అసలు శిక్షే కాదు, అక్కడి జాబితా అభిశంసనతో మొదలవుతుంది. కాబట్టి నేను గెలిచినట్టే లెక్క.

నేను చేసిన నేరం: టి.ఎ. (ప్రయాణ భత్యం) బిల్లులు ఎందుకు ఆగాయని సమీక్షా సమావేశంలో రెండుసార్లు అడగడం. నాలుగో రోజుకల్లా మెమో వచ్చింది. సంతకం పెట్టి తీసుకున్నాను. అక్కడితో అయిపోతే బాగుండేది. మా సూపరింటెండెంటు దాన్ని లాక్కుని, సెక్షను మధ్యలో నిలబడి పైకి చదివాడు. నా ప్రవర్తన ‘ట్రక్యులెంట్’గా ఉందట. టీ గ్లాసులు పట్టుకొచ్చిన అటెండరు ఆగిపోయి, “సార్, ట్రక్కు గుద్దిందా సార్?” అన్నాడు. అందరూ నవ్వారు. ఇరవై ఆరేళ్ల సర్వీసులో ఆ మాట నేను వినలేదు. తెలిసినవాడిలా తల మాత్రం ఊపాను.

ఇంట్లో పాత నిఘంటువు తీస్తే క్రూరమైన, భయంకరమైన అని ఉంది. అన్నం సహించలేదు. బ్యాంకు పరీక్షలకు చదువుతున్న మా అమ్మాయి చూసి, “నాన్నా, అది పాత అర్థం. లాటిన్‌లో ట్రుక్స్ అంటే క్రూరమైన అని. ఇప్పుడు తగవుకు కాలు దువ్వుతూ ఎదురు మాట్లాడేవాళ్లను అంటారు” అంది.

అప్పుడు వెలిగింది. ఆజ్ఞ మీరితే ధిక్కారం. ఎవరు చెప్పినా వినకపోతే తలబిరుసు. ఇది ఆ రెండూ కాదు, మన పెడసరానికి దగ్గర. కాకపోతే దీనిలో కయ్యపు పాలు ఎక్కువ. అంటే తప్పు నేను చేసిన పనిలో లేదు, అన్న తీరులో ఉందన్నమాట. అయితే ఏమన్నానో చూపించాలి కదా! 1964 ప్రవర్తనా నియమావళిలోని 3వ నియమం ఉదహరించారు సరే, నేను మీరిన ఉత్తర్వు ఏది, పెడసరంగా పలికిన వాక్యం ఏది అని అడుగుతూ ఒకటిన్నర పేజీ జవాబు రాశాను. సమావేశపు మినిట్స్, అంటే అక్కడ జరిగినదాని లిఖిత నమోదు, నకలు కూడా కోరాను. అందులో ఉన్నది ఒక్క వాక్యం: “టి.ఎ. బిల్లులపై చర్చ జరిగింది.”

మీకూ మెమో వస్తే ముందు మినిట్స్ అడగండి. జవాబు మాత్రం సంఘం నాయకుడితో రాయించకండి. మావాడు తెచ్చిన చిత్తుప్రతి ‘క్షమాపణలతో’ అని మొదలైంది.

బిల్లులు ఇంకా రాలేదు. ఆ మాట ఎక్కడ దొరికిందని ఇవాళ టైపిస్టును అడిగితే ఒక పాత ఫైలు తీసి చూపించాడు. పేరూ తేదీ మార్చారు, తక్కినదంతా మక్కికి మక్కి. అది ఎప్పుడో మా జీపు డ్రైవరుకు ఇచ్చిన మెమో.