చీల్చిందా, కోసిందా?

నార్వే రాజధాని ఓస్లో బస్టాండులో ఒక్క కాఫీకి 50 క్రోనర్ల దాకా వదిలించుకున్నాక, ఈ దేశంలో ఇక దేనికీ చెయ్యి జేబులోకి పోకూడదని ఒట్టు పెట్టుకున్నాను. టికెట్టు దగ్గరే ఆ ఒట్టు గట్టున పడింది. కోంగ్స్‌బెర్గ్, నోటొడెన్, సెల్‌యోర్డ్ మీదుగా మోర్గెడాల్ వెళ్లే బస్సు అది. చేతిలో ఇంట్లో తయారైన 180 సెంటీమీటర్ల స్కీల జత ఉంది. డ్రైవరు దాన్ని వింతగా చూస్తాడనుకుంటే అసలు తలే తిప్పలేదు. మన బస్సుల్లో బియ్యం బస్తా ఎంతో ఇక్కడ స్కీల సంచీ అంత.

చూసింది వెనక నిలబడ్డ పెద్దాయన. సంచీ జిప్పు సగం తెరిచి ఉంది. అడగకుండానే వేలు పెట్టి అంచు మీద రాశాడు, స్కీ ముక్కు, అంటే ముందు పైకి వంగే కొస, దగ్గర గోటితో గీకాడు, "చెక్క చీల్చిందా, కోసిందా?" అన్నాడు. ఆ తర్వాత పక్క సీట్లోనే కూర్చున్నాడు. ఈ ప్రయాణంలో చెప్పుకోదగ్గవి ఆ కొన్ని గంటలే.

స్కీ అన్న మాటకు పాత నార్స్ భాషలో అర్థం చీల్చిన కట్టె, అంటే మన పేడు. అందుకే ఆయనకు ఆ ప్రశ్న ముందొచ్చింది. ఆష్ అనే గట్టి చెట్టు దుంగకు మేకులు దిగ్గొట్టి చీలిస్తే పగులు చెక్క నారనే పట్టుకుని పోతుంది, ఒక్కో పోగు ఆ చివర నుంచి ఈ చివరిదాకా తెగకుండా ఉంటుంది. రంపానికి నారతో పనిలేదు, గీసిన గీతే దానికి దారి. పోగులు పక్కకు తెగి బయటికొస్తాయి. ఒకే చెక్కతో చేసే స్కీని ఆవిరి పట్టించి ముక్కు వంచేటప్పుడు ఆ తెగిన పోగు సరిగ్గా అక్కడే లేస్తుంది.

నావి కోసినవే. ఆష్, పాప్లర్ పలకల్ని 15 మి.మీ. బద్దీలుగా కోసి, నిలువుగా తిప్పి పక్కపక్కన అతికించిన కోర్, అంటే స్కీ లోపలి చెక్క. ఈ పద్ధతిలో సాగుడును పైనా కిందా ఉండే గ్లాస్ ఫైబర్ గుడ్డ మోస్తుంది, కాబట్టి కోసిన చెక్క చాలు. ఆయన దీనికి ఒప్పుకోలేదు. సగం నిజం ఆయనదే. నార 20 సెంటీమీటర్లకు ఒక సెంటీమీటరు కంటే ఎక్కువ పక్కకు జరిగిన బద్దీని పక్కన పడేయాలి. పక్కపక్క బద్దీల్లో నార ఎదురెదురు దిక్కులకు ఉండేలా తిప్పి అతికిస్తే ఒకదాని లోపం ఇంకొకటి కాస్తుంది. ముడి ఉన్న బద్దీ పాదం కింద అస్సలు పనికిరాదు, బూటును స్కీకి పట్టించే బైండింగ్ స్క్రూలు పట్టుకోవాల్సింది అక్కడే. చెక్కలో తేమ పది శాతం లోపు లేకపోతే మాత్రం ఎంత మంచి ఎపాక్సీ జిగురైనా దండగ.

కోర్ పాదం కింద 11.5 మి.మీ., రెండు కొసల్లో 2 మి.మీ. మొదటిసారి చేసేవాళ్లు రంగు, కార్బన్ గురించి నెలలు ఆలోచించి, ఈ సన్నబడే వాలును ఒక్క సాయంత్రంలో తేల్చేస్తారు. పాదం కింద మందంలో ఒక్క మిల్లీమీటరు తగ్గితే బిగువు ఆరో వంతు నుంచి నాలుగో వంతు దాకా పడిపోతుంది. చేత్తో చిత్రిక పట్టి అది సాధించడం కష్టం. రెండు పక్కలా వాలు పట్టాలు బిగించి, వాటి మీద రౌటర్, అంటే చెక్కను చెక్కే కరెంటు యంత్రం, నడిపితే రెండు స్కీలూ ఒకేలా వస్తాయి.

"ఎంత బరువు పెట్టి అతికించావు?" అన్నాడు. ఆరు టన్నులన్నాను. నోటొడెన్ దాకా నవ్వుతూనే ఉన్నాడు. ఆయన తన స్కీల జతను అడుగు వైపులు ఎదురెదురుగా పెట్టి, మధ్యలో చెక్కముక్క దూర్చి, రెండు కొసలూ తాడుతో కడతాడట. విల్లు వంపు నిలవడానికి అదే ప్రెస్సు. నా లెక్క కూడా తప్పు కాదు. ఫైర్ హోసులో గాలి నింపే ప్రెస్సులో చదరపు సెంటీమీటరుకు 2.8 కిలోలు పడుతుంది, 180 బై 12 సెంటీమీటర్ల స్కీ మీద మొత్తం ఆరు టన్నులు. ఫ్రేమ్ వెల్డింగ్ ఊడితే మనిషి దక్కడు. అందుకే మొదటి జతకు నా ఓటు లోపలి గాలి లాగేసి నొక్కే వాక్యూమ్ బ్యాగుకే. అది రెండు టన్నుల లోపే ఇస్తుంది, కానీ నిదానంగా గట్టిపడే ఎపాక్సీ వాడితే సరిపోతుంది. అరగంటలో బిగిసే రకం కొనకూడదు. అడుగు, అంచులు, రబ్బరు పట్టీ, గుడ్డ, కోర్, మళ్లీ గుడ్డ, పై పొర ఒక్కొక్కటీ తడుపుతూ పేర్చేసరికి గంట దాటుతుంది. స్కీకి అర కిలో పైచిలుకు ఎపాక్సీ కలుపుకోవాలి.

వేడి పెట్టే ప్రెస్సు జోలికి మొదట్లో పోకూడదు. బండి చక్రానికి ఇనప పట్టా కాల్చి ఎక్కించి నీళ్లు పోస్తే ఎలా బిగుసుకుంటుందో, వేడిలో సాగిన పాలిథిలీన్ అడుగు చల్లారేటప్పుడు అలాగే ముడుచుకుంటుంది. మోల్డులో ఉన్న వంపు బయటికొచ్చాక ఉండదు.

సెల్‌యోర్డ్ దాటాక సంచీ మళ్లీ తెరిపించాడు. గోటితో గీకినచోట ఏదో కనపడింది కాబోలు. కుడి స్కీ ముక్కు దగ్గర అడుగు పొరకూ గుడ్డకూ మధ్య కాగితం దూరేంత సందు, నాలుగు సెంటీమీటర్ల పొడవు. కారణం వెతకక్కర్లేదు. పాలిథిలీన్‌కు ఏ జిగురూ అంటదు, అతికించే వైపును గరుకు చేసి, మంటను చకచకా దాని మీదుగా తిప్పితేనే పట్టు వస్తుంది. ముక్కు దగ్గర మంట అందలేదు. ఉక్కు అంచుల్ని కూడా గరుకు కాగితంతో రుద్ది ఆల్కహాలుతో తుడవాలి, ఆ పైన సన్నటి రబ్బరు పట్టీ వెయ్యాలి. ఉక్కూ గ్లాసూ ఒకేలా వంగవు, రబ్బరు లేకపోతే ప్రతి దెబ్బా జిగురు మీదే పడుతుంది.

ఆయన బ్రుంకెబెర్గ్‌లో దిగిపోయాడు. పేరు అడగలేదు.

మోర్గెడాల్ గురించి రాయడానికి పెద్దగా ఏమీ లేదు, మంచు, చెక్క ఇళ్లు, నిశ్శబ్దం. 1825లో స్కీ వీరుడు సోండ్రె నూర్‌హైమ్ పుట్టింది ఇక్కడే. 1952 ఓస్లో ఒలింపిక్స్ జ్యోతిని ఆయన ఇంటి పొయ్యిలోనే వెలిగించారు. 1868లో, 42 ఏళ్ల వయసులో, రాజధానికి వెళ్లి స్కీ పోటీలో యువకుల్ని ఓడించాడు. మడమ చుట్టూ మెలితిప్పిన సన్నకొమ్మల కట్టు, నడుము సన్నగా చెక్కిన స్కీ ఆయన పేరుతో ముడిపడ్డాయి. ఆ నడుము లెక్క ఇప్పటికీ అదే. మంచును తాకే పొడవు 1500 మి.మీ., కొసల సగటు వెడల్పు 125, నడుము 100 అయితే ఒక్కో పక్క లోతు 12.5. పొడవును పొడవుతో గుణించి, లోతుకు ఎనిమిది రెట్లతో భాగిస్తే మలుపు వ్యాసార్ధం 22.5 మీటర్లు. లోతు రెండు మిల్లీమీటర్లు పెంచితే 19.4కు దిగుతుంది. రంపం పట్టేముందు ఈ లెక్క కాగితం మీద పదిసార్లు చేసుకోవచ్చు, కోశాక కుదరదు.

ఆ రాత్రి గదిలో హీటర్ దగ్గర స్కీని ఆరబెట్టి, బ్లేడుతో సందు కొంచెం తెరిచి, ఆల్కహాలుతో కడిగి, సిరంజితో ఎపాక్సీ ఎక్కించాను. పైనా కిందా ప్లాస్టిక్ కాగితం, రెండు చెక్కముక్కలు, రెండు క్లాంపులు. ఎపాక్సీ మొత్తం బయటికి కారేంత బిగించకూడదు. 20 డిగ్రీల దగ్గర ఒక పూర్తి రోజు పడుతుంది, గది పది డిగ్రీలు చల్లబడితే రెండు రోజులు. హీటర్ ఆర్పకుండా పడుకున్నాను. మర్నాడు స్కీయింగ్ లేదు, గది అద్దె మాత్రం ఉంది.