రైఫిల్ ముందు కొన్నాను, జెండాలు ఆఖర్న కొన్నాను

మా బావమరిదిది ఎప్పుడూ ఒకటే మాట. "బల్ల మీద ఇసక మూటలు పేర్చి, వాటి మీద తుపాకీ పడుకోబెట్టి కాలిస్తే అందులో నీ గొప్పేముంది బావా? గొప్పంతా బల్లదే కదా!" వాడి దృష్టిలో షూటింగంటే గగన్ నారంగ్. హైదరాబాద్‌లో పెరిగిన కుర్రాడు 2012లో లండన్ ఒలింపిక్స్ నుంచి కాంస్యం పట్టుకొచ్చిన రోజు మా వాళ్ళందరం టీవీ ముందే ఉన్నాం. నిలబడి, ఊపిరి బిగబట్టి, రైఫిల్ బరువంతా ఒంటి మీద మోస్తూ కాల్చడం ఆ ఆట.

మాది వేరే ఆట. బెంచ్‌రెస్ట్‌లో, అంటే తుపాకీని ఇలా బల్లకి ఆనించి కాల్చే ఆటలో, మనిషి వణుకుని లెక్కలోంచి తీసేస్తారు. ఇక మిగిలేవి రైఫిలు, తూటా, గాలి. నేను డబ్బు పెట్టింది కూడా సరిగ్గా ఆ వరసలోనే. అదే నేను చేసిన తప్పు.

ఆట సంగతి క్లుప్తంగా చెప్తాను. 100 గజాల దూరంలో కాగితం. ఏడు నిమిషాల్లో అయిదు గుళ్ళు. నడిమధ్యలో తగలాలని లేదు, అయిదూ ఒకేచోట పడాలి. అన్నిటికంటే దూరంగా ఉన్న రెండు రంధ్రాల మధ్య, కేంద్రం నుంచి కేంద్రానికి ఎంతుందో కొలుస్తారు, దాన్నే గ్రూపు అంటారు. అలాంటి అయిదు కాగితాల సగటుని అగ్రిగేట్ అంటారు. కింద ఇంకో బొమ్మ ఉంటుంది, దాని మీద గాలిని పరీక్షించుకోవడానికి ఎన్నయినా కాల్చుకోవచ్చు. అగ్రిగేట్ 0.200 అంగుళాల లోపు వస్తే "టీన్స్‌లో కాల్చాడు" అని చెప్పుకుంటారు. 1973లో మెక్‌మిలన్ అనే ఆయన కాల్చిన గ్రూపు 0.009 అంగుళం. ఆ రికార్డు 40 ఏళ్ళు నిలబడింది. 2013లో స్టినెట్ అనే ఆయన 0.0077 కాల్చాడు. అంటే రెండు కాగితాల మందం. అయిదు గుళ్ళూ ఒకే కంతలోంచి పోతే నిజంగా అయిదు కాల్చాడో నాలుగే కాల్చాడో తెలియదు కాబట్టి, టార్గెట్ వెనకాల మెల్లగా జరిగే ఇంకో కాగితం పెడతారు. మొదటిసారి ఈ సంగతి విన్నప్పుడు నాకు నవ్వొచ్చింది. ఇది పిచ్చివాళ్ళ గుంపు, ఇందులో నేనుండాలి అనుకున్నాను.

అనుకున్నంత మాత్రాన అవదు. హెచ్1బీ మీద ఉన్నన్నాళ్ళూ ఆ ఊసెత్తలేదు. వలసేతర వీసా మీద ఉన్నవాళ్ళు తుపాకీ కొనడం, దగ్గర పెట్టుకోవడం ఇక్కడ అమెరికాలో ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. వేట లైసెన్సు లాంటి మినహాయింపులున్నాయి గానీ, పిల్లల చదువులు, ఇంటి లోను పెట్టుకుని ఆ సందుల్లో దూరే ధైర్యం నాకు లేదు. గ్రీన్‌కార్డు చేతికొచ్చాక హ్యూస్టన్ శివార్లలో లైసెన్సున్న దుకాణానికి వెళ్ళి 4473 ఫారం నింపాను. వాళ్ళు నా వివరాలు తనిఖీకి పంపారు, అరగంటలో సరే అన్నారు. తర్వాత తెలిసిన తమాషా ఏంటంటే, చట్టం దృష్టిలో తుపాకీ అంటే సీరియల్ నంబరున్న యాక్షన్, అంటే బోల్టు కదిలే లోహపు భాగం ఒక్కటే. గుండు వెళ్ళే గొట్టం (బ్యారెల్), భుజానికి ఆనించే స్టాకు, గురి చూసే స్కోపు అన్నీ పుస్తకాల్లాగా పోస్టులో ఇంటికొచ్చేస్తాయి.

దుకాణం కుర్రాడు 6.5 క్రీడ్‌మూర్ తూటా కాల్చే రైఫిలు చేతిలో పెట్టాడు. దూరాలకి మంచి తూటానే, కాదనను. దాంతో రేంజికి వెళ్ళి 0.7 అంగుళాల గ్రూపు కాల్చి, ఫోన్‌లో ఫొటో తీసి బావమరిదికి పంపాను కూడా. పక్క బల్ల మీద ఒక పెద్దాయన. రిటైరైన మెషినిస్టు. ఆయన టార్గెట్ మీద అయిదు గుళ్ళకి ఒకే కంత, అదీ పెన్సిల్ దూర్చితే సరిపోయేంత. నా కాగితం చూసి చాలా మర్యాదగా, "మంచి వేట తుపాకీ" అన్నాడు. ఆ మాటలో ఉన్నదంతా అర్థం కావడానికి నాకు రెండు రోజులు పట్టింది.

ఆ తర్వాత నాకు సగం పాఠాలు ఆయన చెప్పినవే. ముందు తరగతి తేల్చుకో అన్నాడు. లైట్ వార్మింట్ అనే తరగతిలో రైఫిలు స్కోపుతో కలిపి పదిన్నర పౌండ్లు మించకూడదు, హెవీ వార్మింట్‌లో పదమూడున్నర. తేలిక రైఫిలుని రెండింట్లోనూ కాల్చొచ్చు, బరువుదాన్ని ఒకదాంట్లోనే. కొత్తవాడు పదిన్నరదే కొనాలి.

తూటా విషయంలో మాత్రం ఎంచుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. ఏ మ్యాచ్‌కి వెళ్ళినా దాదాపు ప్రతి బల్ల మీదా 6 పీపీసీయే. 1970ల మధ్యలో పాల్మిసానో అనే డాక్టరు, పిండెల్ అనే టూల్ మేకరు కలిసి .220 రష్యన్ అనే తూటా కేసుని (ఇత్తడి గొట్టాన్ని) మార్చి దీన్ని తయారుచేశారు. పొట్టిగా, లావుగా ఉంటుంది, అడుగున నిప్పు పుట్టించే ప్రైమరు చిన్నది. నాకు 6 బీఆర్ అనే ఇంకో తూటా మీద మనసుండేది, దానికి కేసులు తయారుగా దొరుకుతాయని. 30 బీఆర్ అనే లావు గుండు తూటా గురించి కూడా అడిగాను. "అది స్కోరు మ్యాచ్‌లకి. అక్కడ గుండు అంచు గీతని తాకితే చాలు, లావు గుండు పెద్ద కంత పెడుతుంది, లాభం. గ్రూపు మ్యాచ్‌లో కేంద్రాల మధ్య కొలుస్తారు, లావుతో పనేముంది?" అన్నాడాయన. పీపీసీకే ఓటేశాను.

కొత్త రైఫిలు చేయించుకుంటే నెలల తరబడి ఎదురుచూపు, పైగా ఖర్చు. ఆట మానేస్తున్న ఒకాయన దగ్గర పాతది 3,100 డాలర్లకి తీసుకున్నాను. బ్యాట్ కంపెనీ యాక్షన్, దాన్ని జిగురుతో అతికించిన ఫైబర్ స్టాకు, రెండు ఔన్సుల ట్రిగ్గరు. రెండు ఔన్సులంటే నిమ్మకాయంత బరువు. వేలు ఆనిందో లేదో పేలిపోతుంది. ఇదంతా మంచి బేరమే, ఇప్పటికీ అదే కాలుస్తున్నాను.

కానీ బ్యారెల్ మీద "262" అని చెక్కి ఉన్న అంకె ఏంటో అమ్మినాయన్ని అడగలేదు. మోడల్ నంబరనుకున్నాను! ఫ్యాక్టరీలో తయారైన పీపీసీ కేసులు కొని, గుళ్ళు పెట్టి, ఉత్సాహంగా బయల్దేరాను. బోల్టు మూసుకోవడం లేదు. కాస్త బలం పెట్టబోతుంటే పెద్దాయన కుర్చీలోంచి లేచి వచ్చి నా మణికట్టు పట్టుకున్నాడు. ఆ అంకె, తూటా కూర్చునే ఛాంబర్‌లో మెడ దగ్గరి కొలత, 0.262 అంగుళం. నా తూటాలో గుండుని పట్టుకునే మెడ లావు అంతకంటే ఎక్కువ. ఎలాగో లోపలికి దూరినా, కాల్చినప్పుడు మెడ వ్యాకోచించి గుండుని వదలడానికి చోటుండదు, లోపల ఒత్తిడి ఎక్కడికి పోతుందో చెప్పలేం. మొహానికి అర అడుగు దూరంలో జరిగే పని అది. పాత పీపీసీ కొనేవాళ్ళెవరైనా ఈ ఒక్క అంకె తెలుసుకోకుండా డబ్బివ్వకండి.

అలా నేను కేసులు చెక్కడం నేర్చుకున్నాను. లాపువా .220 రష్యన్ కేసు తీసుకోవడం, దాని సన్న మెడని 6 ఎంఎంకి వెడల్పు చేయడం, ఆ మెడ గోడని చుట్టూ తిప్పుతూ 0.0085 అంగుళానికి పలచగా చెక్కడం. అప్పుడు గుండు 0.243, రెండు పక్కల గోడలు 0.017, కలిపి 0.260. ఛాంబర్‌లో 0.002 అంగుళం ఖాళీ. తర్వాత ఒకసారి కాలిస్తే కేసు ఛాంబర్ ఆకారానికి సాగి నిజమైన పీపీసీ అవుతుంది. ఇరవై కేసులకి రెండు ఆదివారాలు పట్టింది. డైనింగ్ టేబుల్ మీద మైక్రోమీటర్ పెట్టుకుని కూర్చుంటే మా ఆవిడ, "బియ్యంలో రాళ్ళేరమంటే కళ్ళు కనపడవంటారు, దీనికి కనపడుతున్నాయా?" అంది. ఆ ఇరవైనే మళ్ళీ మళ్ళీ నింపుకుంటూ ఏడాదిన్నర గడిపాను.

స్కోపు గురించి చెప్పుకుంటే సిగ్గే. ఎక్కువ డబ్బు పెడితే ఎక్కువ కనిపిస్తుందని, తిప్పుకునే జూమున్న బరువైన స్కోపు కొన్నాను. మ్యాచ్ రోజు పొద్దున తూకం వేస్తే పది ఔన్సులు ఎక్కువొచ్చింది. లైట్ వార్మింట్‌లోంచి బయటికి. ఈ ఆటలో ఎక్కువగా వాడేవి 36, 45 రెట్ల దగ్గర స్థిరంగా ఉండే తేలికపాటివి. జూముతో ఇక్కడ పనే లేదు. దాన్ని నష్టానికి అమ్మి పాత 45 రెట్ల లూపోల్డ్ తీసుకున్నాను.

గుళ్ళు, బ్యారెల్ దగ్గర మాత్రం పిసినారితనం కూడదు, ఇది నా గట్టి అభిప్రాయం. మేం వాడేది 68 గ్రెయిన్ల బరువున్న గుండు, అడుగు చదునుగా ఉంటుంది. పొట్టిది కాబట్టి బ్యారెల్ లోపలి గాడుల మెలిక నిదానంగా, 14 అంగుళాలకి ఒక చుట్టు ఉంటే చాలు. వీటిని గ్యారేజీల్లో చేత్తో ఒక్కొక్కటే ఒత్తి తయారుచేసేవాళ్ళున్నారు. అలాంటాయన దగ్గర ఒకే విడతలో చేసినవి వెయ్యి తీసుకున్న రోజు నా గ్రూపులు సగానికి పడ్డాయి. పౌడరు, అంటే తూటాలో నింపే మందు, వీటవోరి ఎన్133. వేడికీ తేమకీ దీని గుణం మారుతుంది. అందుకే ఇంట్లో నింపుకురారు, రేంజిలోనే కాగితానికీ కాగితానికీ మధ్య నింపుకుంటారు. దానికి కావలసినవి కేసుని సరిచేసి గుండు దించే చేతి డైలు, వాటిని నొక్కే చిన్న ఆర్బర్ ప్రెస్సు, తిప్పితే క్లిక్కుమంటూ పౌడరు కొలిచే మెజర్. ఎన్ని క్లిక్కులు పెట్టానో ఇక్కడ రాయను. ఎవరి బ్యారెల్ లెక్క వాళ్ళది, పుస్తకంలో కనిష్ఠం దగ్గర మొదలుపెట్టి ఎవరికి వాళ్ళు పైకి రావలసిందే.

మొదటి మ్యాచ్. గుండు బ్యారెల్ లోపలి గాడుల్లోకి కాస్త దిగబడేలా పెట్టుకుంటే గ్రూపు బాగుంటుందని నేర్చుకున్నాను కదా, అలాగే పెట్టాను. రెండో కాగితం మీద మూడు కాల్చి నాలుగోది లోపల పెట్టేసరికి గొంతు వినిపించింది, "సీజ్ ఫైర్!" టార్గెట్ల దగ్గరికి కుక్క వచ్చింది. బోల్టు తీయాలి, తీశాను. కేసు ఒక్కటే బయటికొచ్చింది. గుండు గాడుల్లోనే ఇరుక్కుపోయింది, పౌడరంతా ఇసకలాగా యాక్షన్‌లోకి, అక్కణ్ణుంచి ఆ నిమ్మకాయ ట్రిగ్గర్‌లోకి జారింది. ముందు నుంచి రాడ్డు దూర్చి గుండుని వెనక్కి తోసి, ట్రిగ్గర్‌లో లైటర్ ఫ్లూయిడ్ పోసి కడిగేసరికి టైము అయిపోయింది. కుక్క మాత్రం తీరిగ్గా తోకాడించుకుంటూ వెళ్ళింది. అప్పట్నుంచి సిద్ధంగా ఒక రాడ్డు బల్ల పక్కనే ఉంటుంది.

ఆ రోజు నా అగ్రిగేట్ 0.412. ఆఖర్నుంచి రెండోవాణ్ణి. మధ్యాహ్నం కుర్చీలో కూలబడి ఉంటే పెద్దాయన, "నీ గాలి జెండాలేవి?" అని అడిగాడు. అందరూ పెట్టారు కదా, వాటినే చూస్తున్నా అన్నాను. "పక్కవాడి బల్లకి ఎదురుగా ఉన్న గాలి నీ గాలి కాదు" అన్నాడు.

అప్పటికి దాదాపు 6,000 డాలర్లు పెట్టాను. జెండాలు నాలుగూ కలిపి రెండు వందలు కూడా కాదు. కడ్డీ మీద తిరిగే బాణం, ముందు చిన్న గాలిమర, వెనక సర్వే వాళ్ళు కట్టే రంగు రిబ్బను. బల్లకీ టార్గెట్‌కీ మధ్య వరసగా పాతుతారు. పది మైళ్ళ అడ్డగాలి మా గుండుని 100 గజాల్లో ముప్పాతిక అంగుళం పైనే నెడుతుంది. మొహానికి తగిలీ తగలనట్టుండే గాలి చాలు నా గ్రూపుని పాడుచేయడానికి. కుడి మెలిక బ్యారెల్‌లో ఇంకో మడతపేచీ ఉంది. కుడి నుంచి గాలి వస్తే గుండు ఎడమకే కాదు కాస్త పైకీ పోతుంది, ఎడమ నుంచి వస్తే కుడికీ కిందికీ. నేనేమో ఆ ఎగుడుదిగుడులన్నీ పౌడరు తప్పని క్లిక్కులు మారుస్తూ కూర్చున్నాను.

ఇదే హ్యూస్టన్‌లో 1980ల మొదట్లో కొందరు బెంచ్‌రెస్ట్ వాళ్ళు రాత్రిళ్ళు ఒక పెద్ద గోదాములో కాల్చేవాళ్ళట. కప్పు కింద, గాలి లేకుండా. అక్కడ మంచి రైఫిళ్ళు దాదాపు ఒకే కంతలో వేస్తూ పోయాయి. పెద్దాయన ఈ కథ చెప్పి బయట ఎండ వైపు చూశాడు. ఆగస్టు. నేల మీద ఎండమావి పాయసంలా ఉడుకుతోంది, టార్గెట్ గీతలు ఈదుతున్నాయి.

జెండాలు పాతిన మొదటి శనివారం నాకు మా తాత గుర్తొచ్చాడు. ఒంగోలు దగ్గర మా కళ్ళంలో తూర్పారబట్టేటప్పుడు ముక్కాలిపీట ఎక్కి, చేట పైకెత్తి, అలాగే నిలబడేవాడు. నాకు విసుగొచ్చి "పొయ్యవేం తాతా" అంటే, "గాలి రానీరా" అనేవాడు. చెరువుగట్టు మీద తాటిమట్టలు గలగలమన్నాక పదంకెలు లెక్కపెట్టి అప్పుడు చేట వంచేవాడు. పొల్లు అటు, గింజ ఇటు. గాలి తిరిగిందా, చేట వంచకుండా దింపేసేవాడు. మా ఆటలో చేయాల్సింది అచ్చంగా అదే. ఎక్కువసేపు ఉండే గాలి ఏదో చూసుకుని, అది వచ్చినప్పుడే కాల్చాలి. రిబ్బన్లు నాలుగూ ఒకలా లేకపోతే చెయ్యి తీసేయాలి. ఏడు నిమిషాలున్నది అందుకే. నేనేమో నాలుగు నిమిషాల్లో ముగించి గొప్పనుకున్నాను.

మధ్యలో ఒక మాట, ఇండియా ప్రయాణాలున్నవాళ్ళకి. రేంజి సంచి, ప్రయాణం సంచి ఎప్పటికీ కలపకండి. సైడు జేబులో మర్చిపోయిన ఒక్క తూటా శంషాబాద్‌లో స్కానర్‌కి దొరికితే ఆయుధ చట్టం కింద కేసవుతుంది. మా ఇంట్లో రేంజి సంచి ఎర్రది, దాన్ని గ్యారేజీ దాటి లోపలికి రానివ్వం.

మొన్న అక్టోబర్ మ్యాచ్‌లో 100 గజాల హెవీ వార్మింట్‌లో 0.268 కాల్చాను. 19 మందిలో ఏడోవాణ్ణి. అయిదు కాగితాల్లో నాలుగు బాగున్నాయి, ఒకటి 0.401. పెద్దాయన ఆ ఒక్కదాన్నే చేతిలోకి తీసుకుని, నాలుగో గుండు ఎక్కడుందో చూపించి, "దీనికి ఎందుకు తొందరపడ్డావ్?" అన్నాడు. మూడో జెండా తిరగడం నేను చూశాను. చూసి కూడా కాల్చాను. ఆ మాట ఆయనకి చెప్పలేదు, బ్యారెల్‌కి వయసైపోయిందేమో అన్నాను.

ఆయన నవ్వి, "వయసైపోతే నాలుగు కాగితాలు అలా ఎలా వచ్చాయి?" అన్నాడు.