అట్లాంటాలో 14 డాలర్ల రోజు

అమెరికాలో మా అమ్మాయి ఉండేది అట్లాంటాకు ఉత్తరాన ఉన్న ఆల్ఫరెటాలో. అక్టోబరులో మేమిద్దరం వెళ్లిన వారానికే, "నాన్నా, మిమ్మల్ని అక్వేరియానికి తీసుకెళ్తాను" అంది. ఇద్దరికీ కలిపి టికెట్లు వంద డాలర్లకు అటూఇటూ అవుతాయని తెలిశాక చేపల మీద నాకున్న ఆసక్తి బాగా తగ్గిపోయింది.

నేను ఆర్టీసీలో పనిచేసి రిటైరైన వాణ్ణి. సర్వీసులో సగం బస్టాండులో కంట్రోలరుగానే గడిచింది. ఏ ఊరు వెళ్లినా అందరూ ముందు గుడి చూస్తారు, నేను బస్టాండు చూస్తాను. కారు లేనిదే ఇక్కడ కాలు బయట పెట్టలేమని అందరూ భయపెడుతున్నా, రైలుందని విన్నాక ఇంట్లో కూర్చోబుద్ధి కాలేదు. అమ్మాయి ఆఫీసు దారిలోనే నార్త్ స్ప్రింగ్స్ స్టేషను. మార్టా అనే ఇక్కడి మెట్రో రైలు మార్గానికి ఉత్తరం కొస అది. ఒక గురువారం పొద్దున అక్కడ దించేసి, పది జాగ్రత్తలు చెప్పి వెళ్లింది. మా ఆవిడ సంచిలో నీళ్ల సీసాలు, గొడుగు, రేకు కాగితంలో చుట్టిన నాలుగు సర్వపిండి ముక్కలు ఉన్నాయి.

టికెట్ యంత్రం ముందు తడబడుతుంటే యూనిఫారంలో ఉన్న ఒకావిడ వచ్చి నేర్పింది. కార్డుకు 2 డాలర్లు, ప్రయాణానికి రెండున్నర. ఒక్క స్టేషను వెళ్లినా, ఈ కొస నుంచి ఎయిర్‌పోర్టు దాకా వెళ్లినా అంతే. జీవితమంతా స్టేజీలు లెక్కగట్టిన నాకు ఇది అన్యాయంగా తోచింది. అయితే దూరం వెళ్లేది మేమే కాబట్టి అభ్యంతరం చెప్పలేదు.

ఫైవ్ పాయింట్స్ దగ్గర దిగి తూర్పు వైపు వెళ్లే రైలు ఎక్కాలి. రంగులు, బాణాలు, బోర్డులు అన్నీ చూసుకుని నిశ్చింతగా ఎక్కించాను. తలుపులు మూసుకున్నాక తెలిసింది, అది పడమరకు పోతోంది. తర్వాతి స్టేషనులో దిగి, అవతలి రైలు కోసం నిలబడ్డాం. "ముప్పై ఏళ్లు జనాన్ని ప్లాట్‌ఫారాలకు పంపిన మనిషి!" అంది మా ఆవిడ. స్టేషను దాటి బయటకు రాలేదు కాబట్టి అదనంగా చార్జీ పడలేదని చెప్పాను. ఆమెకు అది సమాధానంగా అనిపించలేదు.

కింగ్ మెమోరియల్ స్టేషనులో దిగితే దగ్గర్లోనే ఓక్లాండ్ శ్మశానవాటిక. 1850 నాటిది, 48 ఎకరాలు, ప్రవేశం ఉచితం. పెద్ద చెట్లూ పాత పాలరాతి సమాధులూ చూడటానికే జనం వస్తారట. "పొద్దున్నే శ్మశానానికా?" అని మా ఆవిడ ససేమిరా అంది. ఆబర్న్ అవెన్యూ వైపు నడిచాం.

నల్లజాతివారి హక్కుల కోసం అహింసతో పోరాడిన మార్టిన్ లూథర్ కింగ్ పుట్టిందీ, పెరిగిందీ, చర్చిలో ప్రసంగించిందీ, చివరికి సమాధి అయిందీ అన్నీ ఈ నాలుగు వీధుల్లోనే. అంతటినీ కలిపి జాతీయ పార్కుగా కాపాడుతున్నారు. ఎక్కడా టికెట్ లేదు. పుట్టిన ఇంటికి మరమ్మతులు జరుగుతుండటంతో లోపలికి పోనివ్వలేదు, బయటి నుంచే చూశాం. సందర్శకుల కేంద్రం దగ్గర మలుపు తిరిగేసరికి మా ఆవిడ నా చెయ్యి పట్టుకుని ఆపింది. ఎదురుగా చేతికర్రతో గాంధీ, నడుస్తున్న భంగిమలో కంచు విగ్రహం. మన దేశం తరఫున 1998లో ఇచ్చినదట. మన ఊళ్లలో గాంధీ విగ్రహం లేని కూడలి ఉండదు కాబట్టి ఎవరూ తల ఎత్తి చూడరు, నేనూ చూడలేదు. అక్కడ మాత్రం చాలాసేపు నిలబడ్డాం. మా ఆవిడ గొడుగు మడిచి, చెప్పులు విడిచి దండం పెట్టింది. పక్కనే వెళ్తున్న బడిపిల్లల వరుస ఆగి చూసింది.

రోడ్డుకు అవతల నీలం రంగు నీటి కొలను మధ్యలో తెల్లని పాలరాతి సమాధి, పక్కపక్కనే కింగ్, ఆయన భార్య. ఆయన 39 ఏళ్లకే పోతే, ఆమె 2006 దాకా ఉంది. 1959లో ఇద్దరూ కలిసి మన దేశం వచ్చి నెల రోజులు తిరిగారు. కొలను గట్టు మీద కూర్చుంటే నీటి చప్పుడు తప్ప మరేమీ వినిపించదు. ఎవరూ మమ్మల్ని లేవమనలేదు, ఎవరూ ఏమీ అమ్మజూపలేదు.

అక్కడి నుంచి కాస్త నడిస్తే బెల్ట్‌లైన్. రైళ్లు ఆగిపోయిన పాత లైన్ల దారులను కలుపుతూ ఊరి చుట్టూ 22 మైళ్ల వలయం వేస్తున్నారు. ఈ ఊహ 1999లో జార్జియా టెక్ విద్యార్థి ఒకడు చదువు కోసం రాసిన థీసిస్‌లోనిది. థీసిసులు అల్మారాల్లో దుమ్ముపట్టడమే చూసిన నాకు, దాని మీద నడవడం విచిత్రంగా ఉంది. తూర్పు భాగం పూర్తయింది. గోడల నిండా బొమ్మలు, వంతెనల కింద నీడ. కుక్కల్ని నడిపించేవాళ్లు, పరుగెత్తేవాళ్లు, విద్యుత్ స్కూటర్ల కుర్రాళ్లు అందరికీ అదే దారి. కుడివైపే నడవాలి, మరిచిపోతే వెనక నుంచి గంట మోగుతుంది. నాకు మూడుసార్లు మోగింది.

దారిలో పాన్స్ సిటీ మార్కెట్ వస్తుంది. 1926లో సియర్స్ కంపెనీ గిడ్డంగిగా కట్టిన తొమ్మిది అంతస్తుల ఇటుకల భవనం, ఇప్పుడు అందులో హోటళ్లూ దుకాణాలూ. లోపల ధరల బోర్డు చదివి, మరుగుదొడ్డి వాడుకుని, బయటి బెంచీ మీద కూర్చుని సర్వపిండి తిన్నాం. మొదటిసారి వచ్చేవాళ్లకు నేనిచ్చే సలహా కూడా ఇదే. ఆ భవనం తప్పక చూడండి, భోజనం మాత్రం మీతోనే తీసుకెళ్లండి. పీడ్‌మాంట్ పార్కు దాకా అంతా కలిపి రెండు మైళ్ల నడక. చెరువు, పచ్చిక, చెట్ల వెనక మిడ్‌టౌన్ మేడలు. ఫొటోల్లో కనిపించేది ఇదే. కాళ్లు చాపుకుని అరగంట నిద్రపోయాను కాబట్టి అంతకంటే చెప్పలేను. మిడ్‌టౌన్ స్టేషనులో రైలెక్కి సాయంత్రానికి నార్త్ స్ప్రింగ్స్ చేరాం. కార్డులకు 4, నాలుగు ప్రయాణాలకు 10, మొత్తం 14 డాలర్లు. రాత్రి భోజనాల దగ్గర ఈ లెక్క రెండుసార్లు చెప్పాను.

శనివారం మా అల్లుడు చాటహూచీ నది ఒడ్డుకు తీసుకెళ్లాడు. కారుకు 5 డాలర్లు, మనుషులకు ఏమీ లేదు. ఈస్ట్ పాలిసేడ్స్ అనే చోట అడవి బాటలో దిగుతూ వెళ్తే ఉన్నట్టుండి వెదురుపొద వస్తుంది. ఒక్కో బొంగు మా ఇంటి స్తంభమంత ఎత్తు కాదు, రెండంతస్తుల మేడ దాటి ఉంటుంది. నదిలో కాలు పెట్టి వెంటనే తీసేశాను. ఎగువన బ్యూఫోర్డ్ డ్యాము అడుగు నుంచి వదిలే నీళ్లు కావడంతో ఎండాకాలంలోనూ చల్లగానే ఉంటాయట. వేసవిలో జనం గాలి ట్యూబుల మీద పడుకుని నది వెంట కొట్టుకుపోతూ పోతారని అల్లుడు చెప్పాడు. మేం చిన్నప్పుడు లారీ ట్యూబు కట్టుకుని బావిలో ఈత నేర్చుకున్నాం. ఇక్కడ దాన్ని అద్దెకిచ్చి డబ్బులు తీసుకుంటారు.

ఆదివారం స్టోన్ మౌంటెన్. కారుకు 20 డాలర్లు, కాస్త బరువే. అయితే ఐదుగురం ఒకే కారులో వెళ్లాం. కేబుల్ కారుకు వేరే టికెట్, నడిచి ఎక్కితే ఏమీ లేదు. దూరం నుంచి చూసిన వెంటనే "మన భువనగిరి గుట్టే!" అన్నాను. అదే ఏకశిల, అదే బోడిగుండు. చుట్టూ నేల మీద నుంచి 825 అడుగుల ఎత్తు. మనకు గుట్ట మీద కోట ఉంటే, వీళ్లు ఒక పక్కన రాతిలోనే బొమ్మలు చెక్కారు. బానిసత్వాన్ని నిలబెట్టడానికి అంతర్యుద్ధంలో పోరాడిన దక్షిణాది పక్షం నాయకులు ముగ్గురు, గుర్రాల మీద. నల్లజాతివారి మీద దాడులు చేసే కూ క్లక్స్ క్లాన్ అనే తెల్లవాళ్ల ముఠా 1915లో మళ్లీ పురుడు పోసుకున్నది ఈ కొండ మీదే. 1963లో వాషింగ్టన్ ప్రసంగంలో కింగ్ పేరు పెట్టి తలచుకున్న కొండా ఇదే, జార్జియాలోని స్టోన్ మౌంటెన్ నుంచి కూడా స్వేచ్ఛ మోగాలని. గురువారం ఆ సమాధి దగ్గర కూర్చుని రాకపోతే ఈ బొమ్మలను నేను మామూలు శిల్పాలుగా చూసి పోయేవాణ్ణి. అక్కడ పచ్చికలో ఫొటోలు తీసుకుంటున్నవాళ్లను చూస్తే ఎందుకో మాట్లాడబుద్ధి కాలేదు. బొమ్మల వైపు వీపు పెట్టి ఎక్కుడుదారి వెతుక్కున్నాం.

బాట మైలు దూరమే. మొదట్లో చెట్ల నీడ, తర్వాత బోడి రాయి, చివర్లో పట్టుకోవడానికి ఇనుప కమ్ములు. నా మోకాళ్లు ఆ కమ్ముల దగ్గర గొణిగాయి. నల్లజాతి పెద్దావిడ ఒకరు, నాకంటే పెద్దదే, చెవుల్లో పాటలు పెట్టుకుని రెండోసారి ఎక్కుతోంది. మా ఆవిడ నన్ను చూసి, ఆమెను చూసి, ఏమీ అనలేదు. అనకపోవడమే ఎక్కువైంది.

పైన రాతి గుంటల్లో వాననీరు నిలిచి ఉంది. మా మనవడు వాటి పక్కన బోర్లా పడుకుని పురుగులేమైనా ఉన్నాయా అని వెతకడం మొదలుపెట్టాడు. గాలికి మా ఆవిడ కొంగు నిలవడం లేదు. పడమట, అడవి అంచున, పాతిక కిలోమీటర్ల అవతల అట్లాంటా మేడలు అగ్గిపెట్టెల్లా కనిపిస్తున్నాయి.

"మొన్న మనం చూసిన గాంధీగారు ఎటువైపండీ?" అని అడిగింది.

నేను గంభీరంగా చెయ్యి చాపి మేడల గుంపు చూపించాను.

మనవడు నీటిగుంట మీద నుంచి తలెత్తి చూశాడు. "తాతయ్యా, అది బక్‌హెడ్. డౌన్‌టౌన్ అటు."

"ఏమండీ, ఇప్పుడూ ప్లాట్‌ఫారం మారాలా?" అంది మా ఆవిడ.