కోటు గుండీ దగ్గర ఆగిన పేజీ

శనివారం. పొద్దుట్నుంచీ ముసురు.

హంగరీ రచయిత ఇమ్రె కెర్తేస్ నవల 'ఫేట్‌లెస్‌నెస్' మళ్ళీ తీస్తే చదువు మొదటి అధ్యాయం దాటలేదు. ఆపింది ఒక కోటు గుండీ. బుడాపెస్ట్‌లో వసంతం, వెచ్చగా ఉంది. కుర్రాడు గ్యూరికి పద్నాలుగేళ్ళు. గుండీలు విప్పుకుందామనుకుంటాడు. ఎదురుగాలికి కోటు అంచు తిరగబడి, యూదుడని తెలిసేలా కుట్టుకున్న పసుపు నక్షత్రాన్ని కప్పేస్తే? అది నిబంధనలకు విరుద్ధం. విప్పుకోడు. అంతే, కథ ముందుకెళ్ళిపోతుంది. పక్కన పోలీసు లేడు, గద్దించినవాళ్ళూ లేరు.

స్వేచ్ఛ పోయిందనడానికి ప్రతీకలు వెతకమంటే చెయ్యి ముందు ముళ్ళకంచె మీదికే పోతుంది. ఈ నవల దగ్గర అలా వెతికితే చేతికి మిగిలేది ఎవరైనా రాయగల వ్యాసమే. మార్జిన్‌లో 'నక్షత్రం అంటే బానిసత్వం' అని రాసుకుంటే ఇంక చూడాల్సిందేమీ ఉండదు. ఆ వస్తువుతో మనుషులు ఏం చేస్తున్నారో రాసుకోవాలి.

జర్మన్ సైన్యం హంగరీలోకి వచ్చింది 1944 మార్చి 19న. ఏప్రిల్ 5 నుంచి ఆరేళ్ళు దాటిన యూదులంతా ఎడమ రొమ్ము మీద 10 సెంటీమీటర్ల నక్షత్రం కుట్టుకు తిరగాలి. నవలలో అది అప్పటికే దుకాణంలో సరుకు. లేబర్ క్యాంపుకు వెళ్ళబోయే తండ్రికి సామాను కొనే షాపులో నక్షత్రాలూ అమ్ముతున్నారు. పసుపు గుడ్డకు కరువొచ్చింది మరి. కొన్నిటికి లోపల అట్ట పెట్టి పైన గుడ్డ బిగించారు. ఇంట్లో కత్తిరించినవాటిలా మొనలు వంకరగా లేవు, ఇవే బాగున్నాయి అనుకుంటాడు గ్యూరి. కంచె కంటే ఈ 'బాగున్నాయి' భయంకరం.

తర్వాత అనుమతి పత్రం. చెపెల్‌లోని చమురు రిఫైనరీలో పని కాబట్టి నగరం పొలిమేర దాటే వీలు అతనికి ఉంది. నక్షత్రం ఉన్న మిగతావాళ్ళకు లేదు. అదో గొప్ప. చివరికి ఆ దారిలోనే బస్సు ఆపి యూదుల్ని దింపేస్తారు. కాగితాలన్నీ సరిగ్గానే ఉన్నాయి.

అలా దిగినవాడు చివరికి చేరే నాజీ కాన్సంట్రేషన్ క్యాంపు బూహెన్‌వాల్డ్‌లో పేరు పోయి 64921 వస్తుంది. ఇక్కడొక పొరపాటు తరచూ జరుగుతుంది: నంబరు అనగానే పచ్చబొట్టు అని రాసేస్తారు. చేతి మీద పొడిచింది ఆష్‌విట్జ్ అనే మరో క్యాంపులో. బూహెన్‌వాల్డ్‌లో నంబరు గుడ్డ మీద ఉండేది.

వీటన్నిటికంటే పెన్సిల్‌తో గీత పెట్టుకోవాల్సింది గ్యూరి వాడే 'సహజంగానే' అన్న మాట. వచ్చినచోటల్లా గీస్తూ పోతే పుస్తకం మారిపోతుంది. ఈ మాట వాడే కుర్రాడికి అప్పగించిన లోకం తప్ప వేరే లోకం ఎదురుగా లేదు. కెర్తేస్ కూడా ఆ క్యాంపుల్లోంచి వచ్చినవాడే. 1975లో వచ్చిన ఈ నవలలో జాలి కోసం గొంతు పెంచడు. 2002లో నోబెల్ వచ్చింది.

ఆఖర్లో గ్యూరి బుడాపెస్ట్ తిరిగొచ్చి ట్రామ్ ఎక్కుతాడు. ఒంటి మీద ఇంకా క్యాంపు చారల కోటే. టిక్కెట్ లేదు, దిగమంటారు. ఎవరో పెద్దమనిషి కొనిస్తాడు. పత్రికలో పనిచేస్తాడట. మాటల్లో 'సహజంగానే' వినపడగానే ఆయనకు మింగుడుపడదు: సహజం కానివాటికి ఆ మాటేమిటి? కాన్సంట్రేషన్ క్యాంపులో అది సహజమే అంటాడు కుర్రాడు.