గైడ్‌లైన్ లేకుండా కొట్టి చూడండి

మొబైల్లో బిలియర్డ్స్ ఆడేవాళ్లు చాలామంది, బంతి ఎటు పోతుందో చూపే గీత (గైడ్‌లైన్) ఎటు చూపిస్తే అటు కర్ర లాగి వదిలేస్తారు. టైంపాస్‌కి అది చాలు గానీ, అసలు మజా మాత్రం ఆ గేముల్లో గురిని పరీక్షించే ఛాలెంజ్‌లలోనే ఉంది. లెవెల్ పెరిగేకొద్దీ ఆ గీత పొట్టిదైపోతూ చివరికి పూర్తిగా మాయమవుతుంది, ఇక మన కళ్లే దిక్కు.

అక్కడ పనికొచ్చేది ఘోస్ట్ బాల్ పద్ధతి. పాకెట్ నుంచి, అందులో వేయాల్సిన బంతి మధ్యకి ఒక గీత ఊహించుకుని, దాన్ని బంతి వెనక్కి లాగి, అక్కడ బంతికి ఆనుకుని ఇంకో బంతి ఉందనుకోండి. మనం కర్రతో కొట్టే తెల్ల బంతి సరిగ్గా ఆ చోటికి రావాలి, కాబట్టి గురి ఆ లేని బంతి మధ్యకే. కొత్తవాళ్లు కనిపించే బంతినే చూసి కొడతారు, అందుకే బంతిని పక్కకి తిప్పాల్సిన కట్ షాట్‌లో దెబ్బ నిండుగా తగిలి బంతి పాకెట్ పక్కన టేబుల్ అంచుకి (కుషన్‌కి) పోతుంది. ఎదుటి బంతి అంచుకి గురిపెడితే సగం బంతి తగిలి, అది 30 డిగ్రీలు పక్కకి తిరుగుతుంది. ఈ ఒక్క కోణం కంటికి అలవాటైతే చాలు, మిగతావన్నీ దీనికన్నా నిండుగానా పల్చగానా అని తేల్చుకోవచ్చు. క్యారమ్స్‌లో కట్ కొట్టినవాళ్లకి ఇది తొందరగా పట్టుబడుతుంది.

మొన్న అమీర్‌పేట మెట్రోలో రాయదుర్గం రైలు కోసం నిలబడి ఒక షాట్ దగ్గర ఆగిపోతే, పక్కనున్న కుర్రాడు స్క్రీన్‌లోకి తొంగి చూసి "అన్నా, ఇంకొంచెం పల్చగ తగలాలె" అన్నాడు. స్క్రీన్ మీద ఓ పక్కన గురి సరిచేసే చక్రాన్ని వెంట్రుకవాసి జరిపి కొట్టాను, మూల పాకెట్లో పడింది! ఇద్దరం ఒకేసారి అరిచాం. ఆ చక్రం వాడటం నేర్చుకోండి, ఎందుకంటే స్క్రీన్ మీద నేరుగా గురిపెడితే వేలు ఎత్తేటప్పుడే కర్ర కాస్త కదిలిపోతుంది.

బిలియర్డ్స్ లాంటి ఆటే అయిన స్నూకర్ 1875లో మన జబల్‌పూర్‌లోనే పుట్టిందని చెబుతారు. మన ఆటగాడు విల్సన్ జోన్స్ 1958లో కలకత్తాలో ప్రపంచ అమెచ్యూర్ బిలియర్డ్స్ గెలిచినా, తర్వాత మన పంకజ్ అద్వానీ అన్నేసి టైటిళ్లు కొట్టినా, టేబుల్ మీద వాళ్లకి ఏ గీతా కనిపించలేదు కదా. కర్ర (క్యూ) పట్టుకునే తీరు, చేయి కదలకుండా కొట్టడం ఫోన్‌లో రావు, వాటికి బిలియర్డ్స్ పార్లర్‌కి వెళ్లాల్సిందే. కానీ బంతి ఎక్కడ తగలాలో చూసే కన్ను మాత్రం ఫోన్‌లోనూ తయారవుతుంది, ఇది నేను గట్టిగా చెబుతాను. మొదట్లో పవర్ తగ్గించి, దగ్గర బంతులతో మొదలుపెట్టండి, లాంగ్ షాట్‌లు తర్వాత.