టీకా సూదికి భుజం పోతే పరిహారం అడగండి

ఫ్లూ టీకా వేయించుకున్న రాత్రి నుంచే మా ఆవిడ చెయ్యి పైకి లేవలేదు, జడ వేసుకోవడానికి కూడా ఏడ్చేసేది. సూది మరీ పైన, కీలు దగ్గర గుచ్చేశారట. తప్పు టీకాది కాదు, వేసిన తీరుది. 'తగ్గుతుందిలే' అని మనవాళ్లు ఊరుకుంటారు, అది చూస్తే బాధేస్తుంది, ఎందుకంటే ఇక్కడ అమెరికాలో ఈ భుజం గాయం 2017 నుంచి టీకా గాయాలకు ప్రభుత్వం పరిహారం ఇచ్చే పట్టికలో ఉంది. నొప్పి 48 గంటల్లోపు మొదలవ్వాలి, బాధ 6 నెలలు దాటాలి, పిటిషన్ 3 ఏళ్లలోపు వేయాలి. లాయరు ఫీజు కూడా సాధారణంగా ఆ ప్రభుత్వ పరిహార నిధే ఇస్తుంది. నొప్పి ఎప్పుడు మొదలైందో, ఏ చేతికో డాక్టరు చేత వెంటనే రాయించుకోండి, కేసంతా ఆ కాగితం మీదే నడుస్తుంది. కోవిడ్ టీకాకు మాత్రం వేరే పథకం, గడువు ఒక్క ఏడాదే, లాయరు ఖర్చు మనదే.