ఏడో నంబరు రంగు

“నీకు బతకాలని ఉందా, లేదా?” అని అడిగాడు క్లినిక్‌లో బ్రదర్, అంటే మగ నర్సు. హిందీలో, నలుగురూ వింటుండగా.

అతని చేతిలో నా శాంపిల్ డబ్బా. గోడ మీద అంటించిన రంగుల చార్టు పక్కన దాన్ని పెట్టి చూపించాడు. అందులో ఒకటి నుంచి ఎనిమిది దాకా రంగులుంటాయి. ఒకటి మంచినీళ్లలా, ఎనిమిది డికాక్షన్‌లా. నాది ఏడు. బెంచీ మీద ఇద్దరు నేపాలీలు, ఒక బెంగాలీ కుర్రాడు నవ్వు ఆపుకుంటున్నారు. నాకు 42 ఏళ్లు. ఇంట్లో పెళ్లీడు కూతురుంది. ఒంటికెళ్లిన డబ్బా పట్టుకుని ఒక మనిషి నన్ను నిలదీయడం అదే మొదటిసారి.

రూముకొచ్చాక కూడా కోపం తగ్గలేదు. కేరళ మనిషి, నాకంటే పదేళ్లు చిన్న. ఏసీలో కూర్చుని చెప్పడం సులువే. మాది స్కఫోల్డింగ్ పని, కట్టడాల చుట్టూ పైపులతో మంచెలు కట్టడం. ఖతార్ ఎండలో, పైన పైపులు బిగిస్తూ ఉంటాం. ఒంటికి వెళ్లాలంటే బెల్టు హుక్కులు మార్చుకుంటూ నిచ్చెనలు దిగాలి, యార్డు చివరి టాయిలెట్ దాకా నడవాలి, మళ్లీ ఎక్కాలి. అరగంట పోతుంది. ఫోర్‌మన్ ఏమీ అనడు, వాచీ చూసుకుంటాడంతే. అంతకంటే తిట్టినా నయం. అందుకని పనిలోకి ఎక్కేముందు నీళ్లు తగ్గించేస్తాం. ఇక్కడ చాలామంది చేసేదే.

అదొక్కటే అయితే ఇంత రాసేవాణ్ని కాదు. నీళ్లు తగ్గించడం నేను ఇక్కడికొచ్చి నేర్చుకోలేదు. మాది శ్రీకాకుళం జిల్లా కవిటి మండలం. కిడ్నీ జబ్బుకి పేరుపడ్డ ఉద్దానం.

మా దగ్గర పిల్లలకి అక్షరాలతో పాటే క్రియాటినిన్ అన్న మాట కూడా వచ్చేస్తుంది. కిడ్నీ దెబ్బతింటే రక్తంలో పెరిగే అంకె అది. సంతలో ఇద్దరు కలిసి “ఎంతుంది?” అనుకుంటే అది జీడిపిక్కల రేటు కాకపోవచ్చు. మా చిన్నాన్నకి షుగర్ లేదు, బీపీ లేదు, తాగుడు లేదు. సోంపేటలో వారానికి మూడుసార్లు డయాలసిస్. బోరు నీళ్లలో సిలికా అన్నారు, పురుగుమందులన్నారు, ఒళ్లు నొప్పులకి మింగే బిళ్లలన్నారు, ఎండలో పని అన్నారు. వచ్చిన ప్రతి బృందమూ సీసాల్లో నీళ్లు పట్టుకెళ్లింది, చేతుల్లోంచి రక్తం తీసుకెళ్లింది. కారణం ఇదీ అని ఒక్కటి తేలలేదు. తేలనంత కాలం జనం అనుమానించింది నీళ్లనే.

మా అమ్మ బావి నీళ్లు మానేసి క్యాన్ నీళ్లు కొనేది. డబ్బు పెట్టి కొన్నవి కదా, గ్లాసు లెక్కన పోసేది. రెండో గ్లాసు అడిగితే “సాల్లేరా, ఊరికే తాగీకు” అనేది. చుట్టూ కొబ్బరి తోటలు, ఇంట్లో దాహం. నీళ్లు కిడ్నీని తినేస్తాయని పెరిగినవాడికి, నీళ్లు తాగకపోతే కిడ్నీ పోతుందని ఇక్కడొకడు కేకలేస్తున్నాడు. ఖతార్‌లో తాగేది సముద్రపు నీళ్లు శుద్ధి చేసినవని తెలుసు. బుర్రకి తెలుసు, గొంతుకి తెలీదు.

రెండు రోజులకి రక్తం రిపోర్టు వచ్చింది. బ్రదర్ ఈసారి మామూలుగానే మాట్లాడాడు. “క్రియాటినిన్ 1.1. నార్మలే, వెళ్లు.”

నేను వెళ్లలేదు. పాస్‌పోర్టు కవర్లోంచి చీటీలు తీసి టేబుల్ మీద పెట్టాను. మొత్తం తొమ్మిది. ఏజెంటుకి డబ్బు కట్టకముందు పలాసలో రహస్యంగా చేయించుకున్న మొదటిది, 0.8. మెడికల్‌లో అన్‌ఫిట్ అయితే కట్టిన డబ్బు గోవిందా కాబట్టి మా వైపు కుర్రాళ్లు ముందు సొంతంగా పరీక్ష చేయించుకుని గానీ ఏజెంటు దగ్గరికి పోరు. తర్వాతవన్నీ 0.8, 0.9 మధ్య. కొన్నిటి మీద అంకెలు వెలిసిపోతే బాల్‌పెన్‌తో మళ్లీ దిద్దాను.

అతను ఒక్కో చీటీ తిప్పి చూశాడు. “ఏ ఊరు నీది?” అన్నాడు. చెప్పాను. ఉద్దానం పేరు అతనికి తెలుసు! నాకు మహా ఆశ్చర్యం వేసింది. శ్రీకాకుళం అంటేనే హైదరాబాద్‌లో కొందరు “ఒరిస్సానా?” అంటారు.

కుర్చీ లాగి కూర్చోమన్నాడు. నికరాగువా, ఎల్ సాల్వడార్ అని రెండు దేశాలున్నాయట. అక్కడ చెరకు కొట్టేవాళ్లకి సరిగ్గా ఇదే జబ్బు. షుగర్ ఉండదు, బీపీ ఉండదు, కిడ్నీ పోతుంది. ఎల్ సాల్వడార్ డాక్టర్లు 2002లోనే దీని గురించి రాశారట. ఎక్కువగా మగవాళ్లే, అదీ వయసులో ఉన్నవాళ్లు. నికరాగువాలో చిచిగల్పా దగ్గర ఒక ఊరికి విధవల దీవి అనే పేరు పడిపోయిందట. అక్కడా ఒక్క కారణమని తేల్చలేదు గానీ, ఎండలో ఒళ్లు దాచుకోకుండా కష్టపడటం, నీళ్లు చాలకపోవడం గట్టి అనుమానమట. పనిలోకి దిగేముందు, దిగాక రక్తం తీసి చూస్తే క్రియాటినిన్ ఒక్క పూటలోనే పెరిగినవాళ్లున్నారు. పని మధ్యలో నీడ, విశ్రాంతి, నీళ్లు ఇస్తే ఆ దెబ్బ తగ్గింది.

“మీ ఊళ్లో ఆడవాళ్లకి రాదా?” అని అడిగాడు. వస్తుంది, మా దగ్గర ఆడవాళ్లకీ వస్తుంది. కాకపోతే ఆడది కాన్పుకనో మరోదానికనో ఏదో ఒకనాడు ఆసుపత్రి గడప తొక్కుతుంది. మగాడు తొక్కేది వీసా మెడికల్‌కి. మాకు పరీక్షంటే జబ్బు కనుక్కునేది కాదు, పని ఊడగొట్టేది. ఇది అతనికి చెప్పలేదు. చెప్పి ఉండాల్సింది.

పైగా క్రియాటినిన్ పెరిగినట్టు కనిపించేసరికే కిడ్నీ పని సగం దాకా పోయి ఉండొచ్చట. నార్మల్ అన్న మాట నమ్మకుండా నేను తొమ్మిది చీటీలు ఎందుకు మోస్తున్నానో అతనికి అర్థమైంది. రాత్రి మాంసం తిన్నా, ఒళ్లు ఎండినా కాస్త పెరుగుతుంది, కంగారుపడకు, శుక్రవారం రెస్ట్ తీసుకుని బాగా నీళ్లు తాగి శనివారం పొద్దున్నే రా అన్నాడు.

ఇక్కడి రూలు గురించి కూడా ఒక మాట. జూన్ 1 నుంచి సెప్టెంబర్ 15 దాకా పొద్దున్న 10 నుంచి మధ్యాహ్నం 3:30 వరకు ఎండలో పని చేయించకూడదు. ఎండ, ఉక్క కలిపి కొలిచే లెక్క 32.1 డిగ్రీలు దాటితే ఏ వేళైనా ఆపాలి. 2019లో గ్రీసు పరిశోధకులు ఇక్కడి పనివాళ్ల మీద ఎండ దెబ్బ కొలిచి చెప్పాక, 2021లో వచ్చింది ఈ రూలు. నేనొచ్చిన కొత్తలో ఇన్ని గంటలు ఆపేవారు కాదు.

మా ఊళ్లో ఇలాంటి రూలు అక్కర్లేదని గొప్పగా అనబోయాను. తెల్లారగట్ట తోటలోకి వెళ్లి, ఎండెక్కేసరికి తరవాణి తాగి చెట్టు కింద నడుం వాల్చేవాళ్లం కదా. అనబోతుంటే చిన్నాన్న గుర్తొచ్చాడు. జీడి సీజన్ సరిగ్గా ఏప్రిల్, మే నెలల్లో. పిక్కల రోజుల్లో ఆయన మధ్యాహ్నం నడుం వాల్చగా నేనెప్పుడూ చూడలేదు. పలాసలో 2023 డిసెంబర్‌లో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభించారని మాత్రం చెప్పాను, నేనే కట్టించినట్టు.

శుక్రవారం రాత్రి ఇంటికి ఫోన్ చేశాను. మధ్యలో రెండుసార్లు లేచి వెళ్లాను. “ఏటయింది, కడుపు బాగోలేదా?” అంది మా ఆవిడ. నీళ్లు తాగుతున్నానన్నాను. “మంచి నీళ్లేనా?” అని అడిగింది వెంటనే.

శనివారం రిపోర్టు 0.9. ఆ చీటీ కవర్లో పెట్టాను. 1.1 చీటీ పారేద్దామని చేతిలోకి తీసుకున్నాను గానీ, మడిచి అదీ లోపలే పెట్టాను.